నత్తకు, నట్టకు ఏమి సంబంధం?

పోయిన వానాకాలం మా ఊరి పంచాయతీ గోడకు ఒక కాగితం అంటించారు. "గొర్రెలకు, మేకలకు ఉచితంగా నట్టల మందు తాగించబడును" అని దాని మీద ఉంది. సాయంత్రం చదువుకు వచ్చిన అక్కలను నేను ఆ గోడ దగ్గరికే తీసుకుపోయాను. పుస్తకంలో అక్షరాలు వస్తే చాలదు కదా. గోడ మీది రాత కూడా చదవాలి.

ఒక అక్క కూడబలుక్కుని చదివింది. "గొర్రె-ల-కు... మే-క-ల-కు... ఉ-చి-తం-గా... న-త్త-ల మందు."

అందరూ నవ్వారు. "నత్తలకు మందెందుకే? అవి చెర్ల ఉంటయి గదా!" అన్నది ఇంకో అక్క. నేనూ నవ్వాను. పలక మీద రెండు మాటలు రాసి చూపించాను. నత్త. నట్ట. ఒకదానికి త ఒత్తు. ఇంకోదానికి ట ఒత్తు. నత్త అంటే గుల్ల మోసుకుని చెరువులో తిరిగేది. నట్ట అంటే జీవాల కడుపులో ఉండే పురుగు.

ఒక పెద్దవ్వ మాత్రం నవ్వలేదు. ఆమెది గొర్లు కాసిన ఇల్లు. "నవ్వకున్రి బిడ్డా. నత్తలున్న చెర్వు అంచుకు మేపితె గొర్లకు గొంతు కింద సంచి దిగుతది. మా అత్త చెప్తుండె. ఒక్క ఏడు మాయి పదకొండు సచ్చినయి" అన్నది.

నాకు ఏమి చెప్పాలో తెలియలేదు. తెల్లారి పశువుల దవాఖానకు పోయి డాక్టరు గారిని అడిగాను. ఆయన కూడా నవ్వలేదు. "అవ్వ చెప్పింది నిజమే. నత్త లేకుంటే ఆ నట్ట లేదు" అన్నారు. అంటే అక్క తప్పు చదివినా, నిజం పక్కకే పోయింది. ఆయన చెప్పినవి, నేను తరువాత పుస్తకాల్లో చదివినవి, చెరువు దగ్గర చూసినవి కలిపి ఇక్కడ రాస్తున్నాను.

మన చెరువులో నత్తలు

బతుకమ్మ వేయడానికి చెరువుకు పోయినప్పుడు మీరు నత్తలను చూసే ఉంటారు. అన్నీ ఒకే రకం అనుకుంటాం. కాదు. ముఖ్యంగా మూడు రకాలను గుర్తుపట్టాలి.

ఒకటి పెద్ద నత్త. నిమ్మకాయంత ఉంటుంది. ఇంకా పెద్దది కూడా అవుతుంది. గుల్ల గుండ్రంగా, గట్టిగా ఉంటుంది. ముట్టుకోగానే లోపలికి పోయి తలుపు వేసుకుంటుంది. నిజంగానే తలుపు. గుల్ల నోటికి సరిగ్గా సరిపోయే గట్టి రేకు అది. మిగిలిన రెండు రకాలకు ఈ తలుపు లేదు.

రెండోది చిన్నది. వేలి గోరంత ఉంటుంది, కొంచెం పెద్దది కూడా ఉండవచ్చు. గుల్ల పలుచన. గట్టిగా నొక్కితే పగులుతుంది. గుల్ల నోరు వెడల్పుగా, మనిషి చెవి లాగా ఉంటుంది. శాస్త్రం చదివినవాళ్లు దీన్ని లిమ్నియా అంటారు. మనం చెవి నత్త అనుకుందాం.

మూడోది బిళ్ల లాగా ఉంటుంది. సంక్రాంతికి మనం సకినాలు చుట్టుతాం కదా. ఒక వరస చుట్టూ ఇంకో వరస. అచ్చం అలాగే ఉంటుంది దీని గుల్ల. దీన్ని సకినం నత్త అందాం. ఇంకో సంగతి ఏమంటే, దీని రక్తం మన రక్తం లాగే ఎర్రగా ఉంటుంది. నత్తల్లో అది అరుదు.

ఇవి ఎక్కడ ఉంటాయి? పారే నీళ్లలో, వాగు నడుమ పెద్దగా ఉండవు. నిలిచిన నీళ్లు కావాలి. లోతు ఎక్కువ ఉండకూడదు. నాచు, తుంగ, అంతర తామర పెరిగిన చోటు కావాలి. చెరువు శిఖం అంచు, కుంటలు, తూము కింద నీళ్లు నిలిచే గుంట, వరిమడి, కాలువ పక్కన ఊట నీళ్లు. ఇవన్నీ వాటి ఇండ్లే. ఎనకట ఎండాకాలం వచ్చిందంటే మన దిక్కు కుంటలు నెర్రెలు బారేవి. ఇప్పుడు కాకతీయ కాలువ పారే ఊళ్లలో, కడెం నీళ్లు అందే ఊళ్లలో యాసంగి వరి కూడా వేస్తున్నాం. అన్నం దొరికింది, మంచిదే. కాని నీళ్లు నిలిచే కాలం పెరిగితే నత్త బతికే కాలం కూడా పెరుగుతుంది.

నత్త ఏమి తింటుంది?

ఇది కళ్లతో చూడాలని నేను పచ్చడి సీసా ఒకటి కడిగి, చెరువు నీళ్లు పోసి, ఇంత నాచు వేసి, రెండు చెవి నత్తలను వేశాను. బడి కిటికీలో పెట్టాను. నాలుగు రోజులకు సీసా గోడకు పచ్చగా పాకుడు పట్టింది. నత్త ఆ గోడ మీద పాకుతుంటే బయటి నుండి దాని నోరు కనిపిస్తుంది. తెరుస్తుంది, మూస్తుంది, తెరుస్తుంది, మూస్తుంది. అది పోయిన దారి వెంట పాకుడు పోయి అద్దం తెల్లగా కనిపిస్తుంది. పిల్లలు, అక్కలు అందరూ దాని చుట్టే మూగారు. ఆ రోజు గుణింతాలు సాగలేదు.

నత్తకు మనలాంటి పండ్లు లేవు. దాని నాలుక మీదనే పండ్లు ఉంటాయి. ఒకటి రెండు కాదు, వరుసలు వరుసలుగా ఉంటాయి. కంటికి కనపడనంత చిన్నవి. కొబ్బరి తురిమే రేకును అనుకోండి. ఆ రేకుతో గోకినట్టు నాలుకతో పాకుడును గోకి మింగుతుంది. గోకీ గోకీ ముందు వరుస అరిగిపోతుంది. అప్పుడు వెనుక నుండి కొత్త వరుస ముందుకు వస్తుంది. మనకు ఆ భాగ్యం లేదు.

చెవి నత్త, సకినం నత్త ఎక్కువగా పాకుడు, నాచు, కుళ్లిన ఆకు తింటాయి. పెద్ద నత్త మెత్తటి నీటి మొక్కల ఆకులను కూడా కొరికి తింటుంది. ఇవి చెరువుకు చెడు చేసేవి అనుకోవద్దు. చచ్చిన ఆకును, కుళ్లును తిని నీళ్లను శుభ్రం చేసే పని కూడా ఇవే చేస్తాయి.

పెద్ద నత్త ఊపిరి సంగతి వింతగా ఉంటుంది. దానికి చేపకు ఉన్నట్టు మొప్ప ఉంది. మనకు ఉన్నట్టు ఊపిరితిత్తి కూడా ఉంది. నీళ్లలో మొప్పతో పీలుస్తుంది. నీళ్లలో గాలి తగ్గితే పైకి వచ్చి, ఒక గొట్టం లాంటిది పైకి చాచి గాలి తీసుకుంటుంది. అందుకే అది ఒడ్డు మీదికి కూడా రాగలదు. ఒడ్డున తడి మట్టిలో గుంట చేసి తెల్లటి గుడ్లు పెడుతుంది.

చెరువు ఎండితే? పెద్ద నత్త బురదలోకి దిగి, తలుపు బిగించుకుని పడుకుంటుంది. తిండి లేదు, నీళ్లు లేవు. నెలలు అట్లే ఉంటుంది. మిరుగం వచ్చి, నాలుగు వానలు పడి, మట్టి నానితే తలుపు తీసుకుని బయటికి వస్తుంది. చిన్న నత్తలు ఎండకు చాలా చచ్చిపోతాయి. కాని తడి ఉన్న చోట, మట్టి కింద కొన్ని మిగులుతాయి. ఆ కొన్ని చాలు. వానలు పడగానే జిగురు లాంటి ముద్దల్లో గుడ్లు పెట్టి మళ్లీ చెరువు నింపుతాయి.

నత్తను తినేవి

నత్తను తినేవి కూడా ఉన్నాయి. నత్తగుల్ల కొంగను చూశారా? దాని ముక్కు మూసినా నడుమ సందు ఉంటుంది. కత్తెర సరిగా పడనట్టు కనిపిస్తుంది. పెద్ద నత్తలంటే దానికి ఇష్టం. ముక్కు మొనతో తలుపు పక్క నుండి పొడిచి, లోపలి కండ కోసి మింగుతుంది. గుల్లను అక్కడే పడేస్తుంది. చెరువు గట్టున కుప్పగా ఖాళీ గుల్లలు కనిపిస్తే ఆ కొంగ తిని పోయిందని అనుకోవచ్చు. బాతులు కూడా నత్తలను బాగా తింటాయి.

మనుషులు కూడా తింటారు. కొన్ని ఇండ్లలో పెద్ద నత్తలను కూర వండుకుంటారు. అందులో తప్పేమీ లేదు. కాని పచ్చిగా, సగం ఉడికించి, మందు అని చెప్పి మింగవద్దు. నత్త కండలో ఒక సన్నటి పురుగు పిల్ల ఉండవచ్చు. అది మనిషి మెదడు దాకా పోయి వాపు తెస్తుంది. బాగా ఉడికితే ఆ పురుగు చచ్చిపోతుంది.

గుల్ల లేని చుట్టాలు

వానాకాలం రాత్రి గోలెం కింద, కుండ కింద నల్లగా, జిగటగా పాకేది ఒకటి కనిపిస్తుంది. జలగ అనుకుని భయపడతాం. అది జలగ కాదు, రక్తం తాగదు. గుల్ల లేని నత్త అది. పగలు తడిచోట దాక్కుంటుంది. రాత్రి వచ్చి చిక్కుడు మొలకలు, బంతి మొలకలు తింటుంది. దాన్ని ఒట్టి చేతితో ముట్టవద్దు. ఇందాక చెప్పిన పురుగు పిల్ల ఇందులో కూడా ఉండవచ్చు. పెరట్లో తెంపిన ఆకుకూర రెండు మూడు నీళ్లలో కడగమనేది కూడా అందుకే.

ఇట్లాంటి గుల్ల లేని నత్తలు సముద్రంలో కూడా చాలా రకాలు ఉన్నాయి. మన దిక్కు సముద్రం లేదు. మన గోదావరి పోయి కలిసే దాకా పోతే తప్ప సముద్రం చూడలేం. అయినా ఒక దాని సంగతి చెప్పకుండా ఉండలేను. అమెరికా దేశం తూర్పు తీరంలో ఉప్పు నీటి మడుగుల్లో ఎలీసియా అనే నత్త ఉంది. అచ్చం పచ్చటి ఆకు లాగా ఉంటుంది. అది ఒక రకం నాచునే తింటుంది. నాచు పోగుకు రంధ్రం చేసి లోపలి రసం పీలుస్తుంది. ఆ రసంలో ఆకుపచ్చ రేణువులు ఉంటాయి. వాటిని అరిగించుకోదు, తన ఒంట్లోనే దాచుకుంటుంది. అందుకే పచ్చగా కనిపిస్తుంది. ఆ తరువాత నెలల తరబడి తిండి లేకున్నా బతుకుతుంది. దాచుకున్న పచ్చదనం ఎండలో దానికి ఎంత వరకు తిండి పెడుతుందో అని శాస్త్రవేత్తలు ఇంకా వాదించుకుంటున్నారు. ఈ సంగతి చెప్పితే పెద్దవ్వ, "మంచిగున్నది. దానికి పొయ్యి ముట్టిచ్చే పనే లేదు" అన్నది.

ఇక మన చెరువుకు వద్దాం.

కార్జంలో ఆకు లాంటి పురుగు

పండుగకు యాటను కోసినప్పుడు కార్జంలో వేపాకు లాంటి చప్పటి పురుగులు ఎప్పుడైనా చూశారా? దాన్ని కార్జపు జలగ అంటారు. జీవాలకు వచ్చే నట్టల్లో ఇది ఒకటి. గొర్రె, మేక, ఆవు, బర్రె, అన్నింటికీ వస్తుంది. గొర్రెకు వస్తే ఎక్కువ నష్టం.

ఇది కార్జంలో పైత్యం పారే గొట్టాల్లో ఉంటుంది. అక్కడే గుడ్లు పెడుతుంది. రోజుకు వేల గుడ్లు. ఆ గుడ్లు పేడలో బయట పడతాయి. పొడి నేల మీద పడితే ఎండకు చచ్చిపోతాయి. నీళ్లలో పడితే రెండు మూడు వారాల్లో పగిలి పిల్ల బయటికి వస్తుంది. కంటికి కనపడదు. ఆ పిల్ల గొర్రె దగ్గరికి పోదు. పోయినా లాభం లేదు. దానికి ముందు నత్త కావాలి. అదీ చెవి నత్తే కావాలి. సుమారు ఒక పగలు, ఒక రాత్రి ఈదుతుంది. అంతలో నత్త దొరకకుంటే చచ్చిపోతుంది.

దొరికితే నత్త ఒంట్లోకి దూరుతుంది. నత్త పాకుడు తిని పెరిగితే, ఇది ఆ నత్తనే తిని పెరుగుతుంది. ఒకటి పోయి వందలు అవుతాయి. నెలన్నర, రెండు నెలలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. తరువాత తోక ఉన్న పిల్లలు నత్త నుండి బయటికి వస్తాయి. నీటి అంచున ఉన్న గడ్డిపోచకు, వరి మొదలుకు అతుక్కుంటాయి. తోక రాలిపోతుంది. చుట్టూ గట్టి పొర కట్టుకుని, ఇసుక రేణువు లాగా, గొర్రె ఎప్పుడు వస్తుందా అని కాచుకుని ఉంటాయి.

మిరుగం వానలకు నీళ్లలో పడిన గుడ్లను లెక్క పెట్టండి. బతుకమ్మ, దీపావళి నాటికి గడ్డికి పురుగు పట్టి ఉంటుంది. చలికాలంలో చెరువు నీళ్లు వెనుకకు పోతాయి. శిఖంలో పచ్చటి గడ్డి బయట పడుతుంది. పైన బీడు అంతా ఎండి ఉంటుంది. జీవాలు ఎక్కడికి పోతాయి? ఆ పచ్చ గడ్డికే పోతాయి.

గొర్రె గడ్డి తింటే పొర కరిగి పురుగు పిల్ల పేగును తొలుచుకుని కార్జంలోకి పోతుంది. కార్జాన్ని తొలుచుకుంటూ పెరుగుతుంది. మూడు నాలుగు నెలలకు గుడ్లు పెట్టే ఈడుకు వస్తుంది.

ఈ కథ కనిపెట్టింది మన దేశంలో కాదు. ఇంగ్లండులో 1879, 1880 సంవత్సరాల్లో విడవకుండా వానలు పడ్డాయి. సుమారు 30 లక్షల గొర్రెలు ఈ జలగతోనే చనిపోయాయని లెక్క వేశారు. ఎందుకో ఎవరికీ అర్థం కాలేదు. అప్పుడు ఆక్స్‌ఫర్డులో ఆల్జర్నన్ థామస్ అనే యువకుడు బురద పొలాలన్నీ తిరిగి నత్తలు ఏరి, కోసి చూశాడు. అదే సమయంలో జర్మనీలో ల్యూకార్ట్ అనే పెద్ద పండితుడు కూడా అదే వెతికాడు. 1881 నుండి 1883 లోపల ఇద్దరూ వేరువేరుగా ఒకే నిజం తేల్చారు. గొర్రెకు రోగం నత్త దారిన వస్తున్నది. మా పెద్దవ్వ అత్తకు ఈ ఇద్దరి పేర్లు తెలియవు. అయినా గొర్ల వెనుక తిరిగి తిరిగి ఆమె కూడా అక్కడికే వచ్చింది.

ఎట్లా గుర్తుపట్టాలి?

గొర్రె మందలో వెనుక పడుతుంది. మేత తగ్గుతుంది. కన్ను రెప్ప కింద తిప్పి చూస్తే ఎర్రగా ఉండాల్సింది తెల్లగా పాలిపోయి ఉంటుంది. ఉన్ని రాలుతుంది. గొంతు కింద, దవడ కింద నీళ్ల సంచి లాగా వాపు దిగుతుంది. పొద్దంతా తల వంచి మేసి వచ్చిన సాయంత్రం ఎక్కువ కనిపిస్తుంది. తెల్లారేసరికి తగ్గినట్టు ఉంటుంది. "తగ్గింది గదా" అని ఊరుకోవద్దు. బర్రెకు వస్తే పాలు తగ్గుతాయి, చిక్కిపోతుంది, పారుకుంటుంది. ఒక్కసారే చాలా పురుగులు పోతే ఏ గుర్తూ లేకుండానే గొర్రె పడి చచ్చిపోవచ్చు.

గొంతు కింద వాపు వేరే నట్టలతో కూడా వస్తుంది. అందుకని పేడ పరీక్ష చేయించాలి. ఇంత తాజా పేడ పొట్లం కట్టి పశువుల దవాఖానకు తీసుకుపోతే అక్కడ అద్దం కింద పెట్టి గుడ్లు ఉన్నాయా అని చూస్తారు. పేడ పట్టుకుని పోవడానికి సిగ్గు పడవద్దు. నేనే రెండుసార్లు తీసుకుపోయాను.

మందు సంగతి జాగ్రత్తగా వినండి. నట్టల మందు అంటే అన్నీ ఒకటి కాదు. దారం లాంటి నట్టలకు తాగించే మామూలు మందు కార్జంలో పెరుగుతున్న చిన్న జలగలను చంపదు. దీనికి వేరే మందులు ఉన్నాయి. ఏ మందు, ఎంత బరువుకు ఎంత, చూడి గొర్రెకు ఇవ్వవచ్చా అనేది డాక్టరు చెప్పాలి. వానలకు ముందు ఒకసారి, వానలు వెనుక పట్టినాక ఒకసారి తాగించమంటారు. పక్కింటి వాళ్ల దగ్గర మిగిలిన సీసా తెచ్చి పోయవద్దు. ఊరంతా ఒక్కనాడే తాగిస్తే ఎక్కువ లాభం. ఒక మందకు తాగించి ఇంకో మందను వదిలితే ఆ మంద పేడ మళ్లీ అదే చెరువులో పడుతుంది.

మైలుతుత్తం చల్లి నత్తలను చంపుదామని కొందరు అంటారు. వద్దు. చేపలు చచ్చిపోతాయి. గొర్రెకు మైలుతుత్తం విషం. ఆ నీళ్లు తాగితే రోగం కంటే ముందు మందే చంపుతుంది. దానికంటే నాలుగు బాతులు మేలు.

మన చేతిలో ఉన్న పని మేత దగ్గర ఉంది. నీళ్లు వెనుకకు పోయిన తడి అంచున జీవాలను మేపవద్దు. మేత కరువైన నెలలో ఈ మాట చెప్పడం సులువే, చేయడం కష్టమే, నాకు తెలుసు. కనీసం లేత పిల్లలనైనా అటు తోలవద్దు. నీళ్లు తోడి గోలెంలో పోసి తాపండి. తడి గడ్డి కోసుకొస్తే నీళ్లలో మునిగిన మొదలు వదిలి పై భాగం కోయండి. వరిగడ్డిని బాగా ఎండబెట్టి వాము వేయండి. పొర కట్టుకున్న పురుగు తడిలో చాలాకాలం బతుకుతుంది. ఎండకు ఆగదు.

మన కాళ్ల దురద

సకినం నత్త ఊరికే ఉందా అంటే అదీ లేదు. దాని ఒంట్లో వేరే రకం పురుగులు పెరుగుతాయి. అందులో ఒకటి ఎద్దుల, ఆవుల ముక్కు నరాల్లో చేరుతుంది. ముక్కులో పువ్వు లాగా కండ పెరిగి ఎద్దు గురక పెడుతుంది. ఆ పురుగు పిల్ల గడ్డి మీద కాచుకోదు. నీళ్లలో ఈదుతూ వచ్చి నేరుగా తోలులో దూరుతుంది.

నాటు వేసేటప్పుడు మనం కూడా ఆ నీళ్లలోనే నిలబడతాం. దానికి ఎద్దు కాలు, మనిషి కాలు తేడా తెలియదు. మన తోలులో కూడా దూరుతుంది. కాని మనిషి ఒంట్లో అది బతకలేదు. తోలులోనే చచ్చిపోతుంది. అది చచ్చిన చోట చీమ కుట్టినట్టు చిమచిమ, తరువాత ఎర్రటి దద్దు, దురద. వారం దాకా ఉండవచ్చు. మొదటి ఏడు తక్కువ ఉంటుంది. ఏటేటా నీళ్లలో దిగే కొద్దీ ఎక్కువ అవుతుంది. మడిలో దురద అన్నీ దీనివల్లనే అని కాదు. ఎరువు వల్ల, ఒరుసుకున్న వేళ్ల సందుల్లో పుండు వల్ల కూడా వస్తుంది. "కూలికి పోయేటోళ్లకు దురద మామూలే" అని మనల్ని మనమే సముదాయించుకుంటాం. మామూలే కావచ్చు, కాని దానికి కారణం ఉంది.

మడి నుండి ఒడ్డెక్కగానే పొడి బట్టతో కాళ్లను గట్టిగా తుడవండి. నీళ్లను కాళ్ల మీదనే ఆరనివ్వవద్దు. తడి ఆరేటప్పుడు కూడా పురుగు లోపలికి దూరవచ్చు. గోకితే పుండు పడుతుంది, చీము పడుతుంది. అట్లా అయితే దవాఖానకు పోవాలి.

నా సీసాలోని నత్తలు గాజు గోడకు గుడ్లు పెట్టాయి. జిగురు ముద్దలో సన్నటి చుక్కలు. రెండు వారాలకు ఆవగింజ కంటే చిన్న నత్తలు, గుల్లలతో సహా, బయటికి వచ్చి పాకుడు నాకడం మొదలుపెట్టాయి. అక్కలు లెక్కపెట్టబోయారు. ముప్పై దాటినాక ఎవరి లెక్క వారిది అయింది. "ఇగ దీన్ని ఏడ పారబోస్తవు బిడ్డా?" అని పెద్దవ్వ అడిగింది. చెరువులో అనబోయి ఆగిపోయాను. ఆమె నా చేతిలో నుండి సీసా తీసుకుని, మిట్ట ఎండలో, బండ మీద కుమ్మరించింది.